నా ఉత్తరంలో ఎనిమిది ‘ఇ’లు

మెయిల్ ‘మదామ్’ అని మొదలైంది. మీ దరఖాస్తు చూశాం, మీ అనుభవం మాకు నచ్చింది, గురువారం పది గంటలకు వీడియో కాల్‌లో మాట్లాడదామా మదామ్, అని రాశారు. ఫ్రాన్సులో గ్రెనోబుల్‌కి వచ్చి ఏడు నెలలైంది, అప్పటిదాకా పంపిన ఇరవై పైచిలుకు దరఖాస్తులకి ఒక్క జవాబూ లేదు, ఇదే మొదటిది. ఆ సంతోషంలో మదామ్ అన్న మాటని నేను పట్టించుకోనేలేదు. మా ఆవిడకి చూపిస్తే తను రెండో లైన్‌కి పోకుండానే ఆగిపోయి, "ఏంటి ప్రసాద్, నిన్ను మేడమ్ అంటున్నారు?" అంది.

నా పేరు దుర్గాప్రసాద్. పాస్‌పోర్టులో దుర్గ వేరు, ప్రసాద్ వేరు, మధ్యలో ఖాళీ. ఇక్కడివాళ్ళు మొదటి ముక్కే పేరనుకుంటారు, పైగా చివర ‘అ’ శబ్దం ఉన్న పేరంటే వీళ్ళకి ఎక్కువగా ఆడపేరే. సరే, పేరు వల్లే అయ్యుంటుంది అనుకుని అంతటితో వదిలేసేవాణ్ణి, కానీ మా ఆవిడకి అనుమానమొచ్చి "నువ్వు పంపిన కవర్ లెటర్ ఒకసారి చూపించు" అంది. చూపించాను. చదువుతూ చదువుతూ సోఫాలో వెనక్కి పడి నవ్వడం మొదలుపెట్టింది.

ఆ లెటర్ తనదే. తను ఇక్కడికి నాకంటే మూడేళ్ళ ముందు, 2019లో, పీహెచ్‌డీకి వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగానికి రాసుకున్న ఉత్తరం లాప్‌టాప్‌లో ఉంటే, మంచి ఫ్రెంచి కదా అని నేను దాన్నే తీసుకుని, కంపెనీ పేరు, సంవత్సరాలు, చదువు, ప్రాజెక్టులు మార్చి పంపేశాను. అన్నీ మార్చాననే అనుకున్నాను. నేను ఇంజనీరుని, ఫలానా పట్టా పొందాను, ఫ్రాన్సుకి వచ్చాను, ఈ రంగమంటే నాకు ప్రాణం, టీంలో పని చేయడం అలవాటే, మీ కంపెనీలో చేరాలని ఉత్సాహంగా ఉన్నాను, సరిపోతానని నా నమ్మకం, కలిస్తే సంతోషిస్తాను. మామూలు ఊకదంపుడే. కానీ ఇందులో ప్రతి మాటకీ చివర ఇంకో ‘ఇ’ (e) అక్షరం ఉంది, మా ఆవిడ ఆడది కాబట్టి. లెక్కపెడితే ఎనిమిది. పేరు దుర్గ, ఉత్తరంలో ఎనిమిది చోట్ల నేను ఆడదాన్నని నా చేత్తో నేనే రాసిచ్చాను, పాపం హెచ్ఆర్ వాళ్ళ తప్పేముంది?

నాకెందుకు కనపడలేదంటే, నేను ఫ్రెంచి నేర్చుకున్నది ఎక్కువగా చెవితో. యూట్యూబ్, రేడియో, ట్రామ్‌లో స్టేషన్ల పేర్లు చెప్పే గొంతు, ఇవే నా గురువులు. ఈ ఎనిమిది ‘ఇ’లూ చెవికి అందవు. ‘మోతివే’ అంటే ఉత్సాహం ఉన్నవాడు, ‘మోతివే’ అంటే ఉత్సాహం ఉన్నది. నేనేదో అచ్చుతప్పు చేశానని మీరనుకోకండి, రెండూ పలకడం ఒకటే, తెలుగులో రాస్తే తేడా చూపించే దారే లేదు. మన లిపిలో పలికేదే రాస్తాం, వీళ్ళు పలకని అక్షరంలో ఆడా మగా దాచుకుంటారు. ఇంకొకటి, సంతోషంగా ఉన్నవాణ్ణి అనడానికి వీళ్ళ మాట ‘రవి’. ఆడవాళ్ళు అన్నా ‘రవి’యే, రాసేటప్పుడు మాత్రం చివర ‘ఇ’ తగిలిస్తారు. మా మేనమామ పేరు రవి, ఆయన జన్మలో సంతోషంగా ఉండగా ఎవరూ చూడలేదు, అది వేరే సంగతి.

గురువారం కాల్ జరిగింది. కెమెరా ఆన్ అవగానే గడ్డంతో నేను. అవతలావిడ ఒక్క క్షణం తెర వంక చూసి, కాగితం వంక చూసి, మళ్ళీ తెర వంక చూసి, క్షమాపణలు చెప్పుకోవడం మొదలుపెట్టింది. నేను నాకొచ్చిన ఫ్రెంచిలో, ఆ ఉత్తరం మా ఆవిడదండీ అని నిజం చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత అందరూ అన్నారు గానీ ఆవిడ మాత్రం బాగా నవ్వింది, మిగతా అరగంట హాయిగానే గడిచింది. రెండో రౌండ్‌లో పోయింది ఆ ఉద్యోగం. పోయింది ‘ఇ’ల వల్ల కాదు, నా ఫ్రెంచి సరిపోదన్నారు.

కాకినాడకి ఫోన్ చేసి చెబితే మా అమ్మ అసలు నవ్వలేదు. "అమ్మవారి మొక్కు పేరురా నీది. ఆ తల్లి పేరు పెట్టుకున్నాక అమ్మా అని పిలిస్తే తప్పేంటీ?" అంది. యానాం మాకు ముప్పై కిలోమీటర్లు, 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్న ఊరు, అక్కడ ఓ ముసలాయన దగ్గర నేర్చుకుని వెళ్ళమని చెప్పానా లేదా అని కూడా అంది. చెప్పింది, నేనే వినలేదు.

ఆ తర్వాతి వారం మా పేటలో మున్సిపాలిటీ వాళ్ళ కేంద్రంలో జరిగే ఫ్రెంచి క్లాసులో చేరాను. వారానికి రెండు సాయంత్రాలు. చెప్పేది రిటైరైన ఒక స్కూలు టీచరమ్మ, ఊరికే చెబుతుంది, జీతం లేదు, కానీ పద్ధతి మాత్రం హెడ్మాస్టరు పద్ధతి. మొదటి రోజే నా ఉత్తరం సంగతి చెబితే ఆవిడ బోర్డు మీద రెండు వాక్యాలు రాసింది, అలసిపోయాను అని మగవాడు అనడం, అలసిపోయాను అని ఆడమనిషి అనడం. రెంటికీ తేడా మళ్ళీ ఆ ‘ఇ’యే. మీ భాషలో ఎలా చెబుతారు అని అడిగింది. నేను ‘అలసిపోయాను’ అన్నాను. ఆడవాళ్ళయితే? ‘అలసిపోయాను.’ అయితే మీకీ బాధే లేదన్నమాట అంది.

అప్పుడు అవునన్నాను గానీ ఇంటికొచ్చేదారిలో ట్రామ్‌లో ఆలోచిస్తే అది పూర్తి నిజం కాదనిపించింది. నేను వచ్చాను, తిన్నాను, పడుకున్నాను అన్నంతసేపూ తెలుగులో నేను ఎవరో తెలియదు, నిజమే. కానీ ‘నేను కాకినాడ వాణ్ణి’ అన్నామో, మా ఆవిడ ‘నేను తణుకు దాన్ని’ అందో, అక్కడ దొరికిపోతాం. చదువుకున్నవాణ్ణి, చదువుకున్నదాన్ని. పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్న భాషలో ఈ సంగతి ముప్పై నాలుగేళ్ళకి గ్రెనోబుల్ ట్రామ్‌లో గమనించాను. ఇంగ్లీషులో అయితే ఆ చిక్కు కూడా లేదు, ‘అయామ్ ఫ్రమ్ కాకినాడ’ అన్నవాడు ఎవడో ఎవతో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. పదేళ్ళు ఆఫీసు మెయిళ్ళన్నీ ఇంగ్లీషులో రాసినవాణ్ణి కాబట్టి ‘నేను’ అన్న మాటకి ఆడా మగా ఉంటుందన్న ధ్యాసే నాకు లేదు.

తర్వాతి క్లాసులో టీచరమ్మ అందర్నీ అడిగింది, మీ మీ భాషల్లో ఆడ మగ ఎలా అని. టర్కీ అబ్బాయి మా దగ్గర అతను, ఆమె, అది మూడింటికీ ఒకటే మాట, ‘ఓ’, అన్నాడు, అందరికీ వాడి మీద అసూయ పుట్టింది. యుక్రెయిన్ ఆవిడ మాకు మూడు లింగాలు అంది. నా వంతు వచ్చింది. అతను వచ్చాడు, ఆమె వచ్చింది అని చెప్పి అక్కడితో ఊరుకోక, బస్సు వచ్చింది, వాన వచ్చింది, పిల్లి వచ్చింది అని కూడా చెప్పాను. అంటే ఆడవాళ్ళకీ బస్సుకీ ఒకటే క్రియా అని యుక్రెయిన్ ఆవిడ అడిగింది. అవునండీ అన్నాను. క్లాసంతా నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. వెంటనే సర్దుకుని, ఏకవచనంలోనే అండీ, బహువచనంలో ఆడవాళ్ళు మగవాళ్ళతో పాటు ‘వచ్చారు’లోకి వెళ్తారు, బస్సులు మాత్రమే ‘వచ్చాయి’లో ఉండిపోతాయి, గౌరవం ఇస్తే ఒక్కావిడైనా ‘వచ్చారు’ అంటాం అని చెప్పుకొచ్చాను. మన వ్యాకరణం పుస్తకాల్లో మహత్తు, అమహత్తు అని చదువుకున్నది ఇదే కదా, మార్కుల కోసం బట్టీ పట్టాను తప్ప ఎవరికో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. టీచరమ్మ నా పక్షం వహించి, మా ఫ్రెంచి ఏం తక్కువ తిందా అంది. వంద మంది ఆడవాళ్ళున్న గుంపులో ఒక్క మగాడు చేరితే మొత్తం గుంపు మగదైపోతుంది, ‘మగదే పైచేయి’ అని చిన్న పిల్లలకి సూత్రంలాగా నేర్పించేవాళ్ళం అంది. తను కూడా ముప్పై ఏళ్ళు అలాగే నేర్పించిందట. 2017లో మూడు వందల మందికి పైగా టీచర్లు ఇక ఆ సూత్రం నేర్పం అని సంతకాలు పెట్టి ప్రకటించారట. నువ్వు పెట్టావా అని టర్కీ అబ్బాయి అడిగితే ఆవిడ జవాబు చెప్పలేదు.

మనుషుల సంగతి ఇలా ఉంటే ఇక వస్తువుల దగ్గర అసలు నరకం. బల్ల ఆడది, కుర్చీ ఆడది, మంచం మగది, గోడ మగది, తలుపు ఆడది. ఎందుకూ అంటే ఎందుకూ లేదు. మాట చివర చూసి కొంత ఊహించవచ్చు, ‘స్యోఁ’ అని ముగిస్తే దాదాపు ఆడది, ‘ఆజ్’ అని ముగిస్తే చాలావరకు మగది, అని టీచరమ్మ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది, వెంటనే బీచ్, బొమ్మ, పంజరం, పుస్తకంలో పేజీ, ఇవన్నీ ‘ఆజ్’తో ముగిసినా ఆడవే అని చెప్పి ఆ ప్రాణం మళ్ళీ తీసేసింది. నేను ఇల్లంతా పసుపు చీటీలు అంటించాను. వాటిలో నాకు బాగా ఖరీదైన పాఠం ‘ప్వాల్’. ఆడదైతే పెనం, మగదైతే ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి, రాయడంలో పలకడంలో వేరే తేడా ఏమీ లేదు, ముందు తగిలించే మగ ‘అఁ’, ఆడ ‘యూన్’లోనే ఉందంతా. పక్కింటి పెద్దాయన్ని లిఫ్టులో కలిసి, మంచి ‘అఁ ప్వాల్’ ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగాను. దోసెల కోసం అన్నమాట. ఆయన మా అంతస్తుకి వచ్చి తలుపు దగ్గర నిలబడి ఇరవై నిమిషాలు కట్టెల పొయ్యి మంచిదా, రంపపు పొట్టు గుళికలతో మండేది మంచిదా, ఈ భవనానికి పొగగొట్టం లేదు కాబట్టి అనుమతి రాదు, ఇదంతా వివరించాడు. నేను తలూపుతూనే ఉన్నాను. పెనానికి పొగగొట్టం ఎందుకా అని మాత్రం అనిపించింది.

ఒకటి మాత్రం నాకు నచ్చింది. భార్య అనడానికి ‘ఎపూజ్’ అని ఒక మాట ఉంది, ఆడమాటే, కానీ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందు ‘మా’ అని ఆడ రూపం పెట్టకూడదు, మగ రూపం ‘మొన్’ పెట్టాలి. రెండు అచ్చులు ఢీకొనకుండా అన్నమాట, మన సంధి లాంటి గొడవే. అలాగే ‘యూన్ పెర్సోన్’, వ్యక్తి, ఎప్పుడూ ఆడదే, మీసాలున్న వ్యక్తి అయినా సరే. నా మెయిల్ కథ గుర్తు చేసి టీచరమ్మ, చూడు, నువ్వు కూడా ‘యూన్ పెర్సోన్’వే, బాధపడకు అంది. చందమామ కూడా ఇక్కడ ఆడదే, సూర్యుడు మగవాడు. మనకి ఇద్దరూ మగవాళ్ళు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో దీనికి పూర్తి తిరకాసు, సూర్యుడు ఆడది, చంద్రుడు మగవాడు, పైగా భార్యని ‘వైఫ్’ అంటున్నామే, దాని పాత రూపానికి అప్పట్లో ఆడామగా కాని మూడో లింగం. ఇంగ్లీషు ఎంత తేలిక భాషో అని ఫ్రెంచి క్లాసులో గొప్పలు చెప్పుకునే నేను ఇది చదివి కాస్త తగ్గాను. వాళ్ళూ ఒకప్పుడు ఈ బురదలో దొర్లినవాళ్ళే, మెల్లగా కడుక్కున్నారు.

కడుక్కున్నా అక్కడక్కడా మరకలున్నాయి. పెళ్ళికి నిశ్చయమైన మనిషిని ఇంగ్లీషులో ఫియాన్సీ అంటాం కదా, అది ఫ్రెంచి నుంచి ఎత్తుకొచ్చిన మాటే, ‘ఇ’లతో సహా. మగాడైతే ఒక ‘ఇ’, ఆడపిల్లయితే రెండు. మా ఎంగేజ్‌మెంట్ ఫొటో కింద మా ఆవిడ పెట్టిన పోస్టు తవ్వి చూశాను. నా పేరు పక్కన రెండు ‘ఇ’లు! అంటే నన్ను ఆడదాన్ని చేసిన పాపంలో తొలి వాటా తనదే. చూపిస్తే "అప్పుడు నాకు ఫ్రెంచి రాదుగా" అని తేల్చేసింది. యాక్ట్రెస్, ప్రిన్సెస్‌లో ఉన్న ‘ఎస్’ తోక కూడా ఇంగ్లీషుకి ఫ్రెంచి ఇచ్చిందే. విడోకి మాత్రం కథ తలకిందులు, ఆడమాటే అసలు, దానికే తోక తగిలించి మగవాడికి విడోయర్ అన్నారు.

ఇంట్లో అసలు వాదన వచ్చింది ‘ఇంజనీర్’ దగ్గర. ఆ ఉత్తరంలో మొదటి ‘ఇ’ అదే. మా ఆవిడ ‘అంజెన్యర్’ చివర ‘ఇ’ పెట్టి రాసుకుంది, తన ల్యాబ్ కాంట్రాక్టులో మాత్రం ‘ఇ’ లేదు, పెద్దవాళ్ళలో ఇంకా కొందరు ఆడవాళ్ళే వద్దంటారట, ‘ఇ’ పెడితే హోదా తగ్గినట్టుంటుందని. అది వట్టి అనుమానం కూడా కాదు. ‘కుత్యూర్యే’ అంటే పారిస్‌లో ఫ్యాషన్ దుకాణం పెట్టిన పెద్దమనిషి, అదే మాట ఆడరూపం ‘కుత్యూర్యేర్’ అంటే వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. రాయబారి అన్న మాటకి ఆడరూపం ఎప్పట్నుంచో ఉంది, కాకపోతే చాలాకాలం దాని అర్థం రాయబారి గారి భార్య అని. స్కూలుకి ‘దిరెక్త్రీస్’ ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు, పెద్ద కంపెనీకో మంత్రిత్వ శాఖకో ఉంటేనే భాష పాడైపోతుందని గోల.

ఆ గోల ఎంతకాలం సాగిందో టీచరమ్మ ఒక సాయంత్రం మొత్తం చెప్పింది, ఆ రోజు వేరే పాఠం జరగలేదు. కెనడాలో క్యూబెక్ వాళ్ళు 1979లోనే ఉద్యోగాల పేర్లకి ఆడరూపాలు వాడమని చెప్పేశారు. ఫ్రాన్సులో 1986లో ప్రధానమంత్రి సర్క్యులర్ వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు, 1998లో ఇంకొకటి వచ్చింది. ఫ్రెంచి భాష మంచిచెడ్డలు చూసే, 1635లో పుట్టిన ఫ్రెంచ్ అకాడమీ ససేమిరా అంది, ఆ అకాడమీలోకి మొదటి మహిళ ఎన్నికైందే 1980లో. 2014లో పార్లమెంటులో సభ నడుపుతున్న సాంద్రీన్ మజెతియేని ఒక ఎంపీ పట్టుబట్టి మగరూపంలోనే ‘మదామ్ లె ప్రెసిదాఁ’ అంటుంటే, ‘లా’ అనమని ఆవిడ ఎంత చెప్పినా వినకపోతే, అతని ఒక నెల భత్యంలో పావు వంతు, 1,378 యూరోలు, కోత పడింది. ఒక ‘లె’కి అంత జరిమానా! నేను రోజుకి నలభై సార్లు తప్పు ‘లె’ అంటాను, నా ఆస్తి చాలదు. చివరికి 2019 ఫిబ్రవరిలో అకాడమీ కూడా సరే, ఆడరూపాలకి అడ్డు చెప్పం అంది.

నాకు అర్థం కాని సంగతొకటి మా ఆవిడని అడిగాను. ఇంగ్లీషులో స్టివార్డెస్ వద్దు, ఫ్లైట్ అటెండెంట్ అనండి, యాక్ట్రెస్ వద్దు, అందరూ యాక్టర్లే అంటున్నారు కదా, సమానత్వం కోసం అక్కడ తోక కోసేస్తుంటే ఇక్కడ తోక తగిలించమని పోరాటం ఏంటి అని. తను కూర తరుగుతూ, తల ఎత్తకుండా, "కాకినాడలో నన్ను లేడీ ఇంజనీర్ అంటే నాకు మండుతుంది. ఇంగ్లీషులో ఇంజనీర్ అంటే మగా కాదు ఆడా కాదు, దానికి లేడీ తగిలిస్తే నేనేదో తేడా సరుకు. ఇక్కడ ‘ఇ’ లేని అంజెన్యర్ ముందు నుంచీ మగాడే. ఖాళీ కుర్చీ కాదది. అందులో నేను కూర్చుంటే మగాడి కుర్చీలో కూర్చున్నట్టే" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. మనవాళ్ళు లేడీ డాక్టర్, లేడీ కండక్టర్ అంటూనే కలెక్టరమ్మ, టీచరమ్మ అని కూడా అంటారు, వాటిలో కలెక్టరమ్మకి మాత్రం ఎవరూ చిన్నబుచ్చుకున్నట్టు నేను చూడలేదు. ‘అమ్మ’ తోక బరువు వేరేమో.

క్లాసులో ఎనిమిది నెలలయ్యాక డెల్ఫ్ బీ1 అనే ఫ్రెంచి భాషా పరీక్షకి కూర్చున్నాను. వంద మార్కులు, నాలుగు భాగాలు, ఒక్కో దానికి పాతిక, మొత్తం యాభై వస్తే పాస్, కానీ ఏ భాగంలోనూ ఐదుకి తగ్గకూడదు. రాసే భాగానికి నలభై ఐదు నిమిషాలు. ముప్పై ఐదులో ముగించి మిగతా పది నిమిషాలూ ‘ఇ’ల వేటకి పెట్టుకోమని టీచరమ్మ చెప్పింది. నాకు టెన్షన్ ఎక్కువై రెండో తప్పు చేశాను. ‘వచ్చాను’ లాంటి కొన్ని క్రియలకే ఆడామగా పట్టింపు, ‘పని చేశాను’, ‘తిన్నాను’ లాంటివాటిలో మనిషి ఎవరైనా మాట మారదు. నేను మా ఆవిడ గురించి రాస్తూ తను చేసిన ప్రతి పనికీ ఒక ‘ఇ’ దానం చేశాను, వంట చేసిందికి కూడా. ఆఖరి రెండు నిమిషాల్లో గుర్తొచ్చి ఒక్కోటీ కొట్టేస్తూ పోయాను, కాగితం చీమలు పాకినట్టయింది. ఆ భాగంలో పదిహేడు, మొత్తం మీద అరవై ఎనిమిది వచ్చాయి.

ఆ తర్వాత ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి నేనే రాసుకున్నాను. ఎనిమిది ‘ఇ’లూ తీసేసి, చివర ఒక వాక్యం కొత్తగా చేర్చాను, సెప్టెంబరు నుంచి చేరడానికి సిద్ధం అని. పేరు కూడా దుర్గాప్రసాద్ అని కలిపి రాశాను. ‘మెస్యూ’ అంటూ మొదటి మెయిల్ వచ్చిన రోజున, లోపల ఉన్నది ‘మీ దరఖాస్తును తిరస్కరిస్తున్నాం’ అన్న కబురే అయినా, మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఉద్యోగం ఇంకో మూడు నెలలకి దొరికింది.

ఇప్పుడు తన కాంట్రాక్టు అయిపోవస్తోంది. మొన్న ఆదివారం నా లాప్‌టాప్ తీసుకుని, "నీ ఉత్తరం నాదానికంటే బాగుంది, వాడుకుంటా" అంది.

"వాడుకో, కానీ ఎనిమిది ‘ఇ’లు పెట్టుకోవడం మర్చిపోకు" అన్నాను.

తెర మీద వేలు పెట్టి కిందిదాకా లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. "తొమ్మిది" అంది. నేను చేర్చిన వాక్యంలో సిద్ధం అన్న మాట, నేనయితే ‘ప్రె’, తనయితే ‘ప్రెత్’. "ఇదొక్కటే బయటికి వినపడేది. నువ్వు ఇది కాపీ కొట్టి ఉంటే అప్పుడే దొరికిపోయేవాడివి."